మూసారాం అయిన ముస్యూ రేమండ్

పిల్లలూ, పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ పేరు గట్టిగా పలకండి. ఇప్పుడు మీ బిల్డింగ్ కింద బకాలాలో ఉండే అంకుల్ మీ పేరు ఎలా పలుకుతాడో అలా పలకండి. రెండూ ఒకేలా ఉన్నాయా?

మా ఖైతాన్ క్లాసులో పవన్ అనే బాబు ఉన్నాడు. బకాలా అంకుల్‌కి అతను బవన్. ప్రియ అనే పాప బ్రియ అయిపోయింది. ఎందుకంటే అరబ్బీ అక్షరాల్లో మన ప లేదు. అందుకని దానికి దగ్గరగా ఉండే బ వాడతారు. మొదట్లో పవన్‌కి కోపం వచ్చేదట. ఇప్పుడు బవన్ అని పిలిచినా చక్కగా వెనక్కి తిరిగి నవ్వుతాడు.

ఈ రోజు మనం చదవబోయేది ఇలాగే పేరు మారిపోయిన ఒక మనిషి కథ. ఆయన ఫ్రాన్స్‌లో పుట్టాడు. హైదరాబాద్‌లో చనిపోయాడు. హైదరాబాద్ జనం ఆయన పేరుని తమ నోటికి తగ్గట్టు మార్చేసుకున్నారు. ఆ మారిన పేరే ఇప్పుడు ఒక పేట పేరు, ఒక మెట్రో స్టేషన్ పేరు కూడా.

మెట్రో బోర్డు మీద పేరు

సెలవులకి హైదరాబాద్ వెళ్లినప్పుడు మెట్రో రైలు ఎక్కారా? ఎల్.బి. నగర్ నుంచి మియాపూర్ వెళ్లే ఎర్ర లైనులో దిల్‌సుఖ్‌నగర్ దాటగానే ఒక స్టేషన్ వస్తుంది. దాని పేరు మూసారాంబాగ్.

నేను బీఈడీ చదివేటప్పుడు రోజూ ఆ దారిలోనే బస్సులో వెళ్లేదాన్ని. మూసారాంబాగ్ అంటే మూసీ నది పక్కన ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందేమో అనుకునేదాన్ని. ఎవరినీ అడగలేదు. రోజూ చూసేదాన్ని మనం అడగం కదా! కువైట్‌కి వచ్చే ముందు, సామాన్లు సర్దుకుంటున్న రోజుల్లో, మా నాన్నగారు నన్ను అక్కడి ఒక గుట్ట మీదకి తీసుకెళ్లారు. అక్కడ ఒక నల్లరాతి సమాధి ఉంది. అప్పుడు తెలిసింది నాకు, మూసారాం అనేది నది పేరు కాదు, ఒక మనిషి పేరు అని.

దుకాణం పెట్టాలని వచ్చిన కుర్రాడు

ఆయన అసలు పేరు మిషెల్ జోకిం మరీ రేమండ్. 1755లో ఫ్రాన్స్ దేశంలో, గాస్కనీ అనే ప్రాంతంలో, సెరిన్యాక్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వాళ్ల నాన్న వ్యాపారి. కొడుకు కూడా వ్యాపారమే చేయాలనుకున్నాడు.

1775లో, ఇరవై ఏళ్ల వయసులో, రేమండ్ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఓడ ఎక్కాడు. అప్పట్లో విమానాలు లేవు, సూయజ్ కాలువ కూడా లేదు. ఫ్రాన్స్ నుంచి ఇండియా రావాలంటే ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి రావాలి. నెలలు పట్టేది. మీరు కువైట్ నుంచి హైదరాబాద్‌కి ఒక సినిమా, ఒక నిద్ర అయ్యేలోపు వెళ్లిపోతారు. ఆయన ప్రయాణంలో ఎన్ని సినిమాలు చూడొచ్చో లెక్క వేయండి!

అన్నదమ్ములు పుదుచ్చేరిలో దిగారు. ఆ ఊరిని అప్పట్లో ఫ్రెంచివాళ్లు పాలించేవాళ్లు. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా వాళ్లదే. అందుకే యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా, అది ఈ రోజుకీ పుదుచ్చేరి కిందికే వస్తుంది. మీ క్లాసులో కాకినాడ వైపు వాళ్లు ఉంటే అడగండి, యానాం గురించి బోలెడు చెప్తారు.

దుకాణం పెట్టుకుని బతుకుదామని వచ్చిన రేమండ్ వ్యాపారంలో నిలవలేదు. కొన్నాళ్లకి తుపాకి పట్టుకుని సిపాయి అయ్యాడు. మైసూరు రాజ్యాన్ని ఏలే హైదర్ అలీ దగ్గర ఒక ఫ్రెంచి దళం ఉండేది. అందులో చిన్న అధికారిగా చేరాడు.

ఆ రోజుల్లో మన దేశం

ఇక్కడ కాస్త ఆగి, అప్పటి పరిస్థితి తెలుసుకుందాం. లేకపోతే మిగతా కథ అర్థం కాదు.

అప్పట్లో దక్షిణ దేశంలో నాలుగు పెద్ద బలాలు ఉండేవి. హైదరాబాద్‌లో నిజాం. పుణెలో మరాఠాలు. మైసూరులో హైదర్ అలీ, ఆయన తర్వాత ఆయన కొడుకు టిప్పు సుల్తాన్. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ. ఒకరంటే ఒకరికి భయం. ఈ ఏడాది స్నేహం చేసినవాళ్లు పై ఏడాది యుద్ధం చేసుకునేవాళ్లు.

ఫ్రెంచివాళ్లకీ ఇంగ్లీషువాళ్లకీ యూరప్‌లో పడేది కాదు. ఆ గొడవే ఇక్కడికీ వచ్చింది. ఇంగ్లీషువాళ్లు ఒక రాజు పక్కన నిలబడితే, ఫ్రెంచివాళ్లు ఇంకో రాజు పక్కన చేరేవాళ్లు.

రేమండ్ కంటే ముందు బుస్సీ అనే ఫ్రెంచి సేనాని మన తెలుగు నేల మీద పెద్ద పేరు సంపాదించాడు. బొబ్బిలి యుద్ధం గురించి మీ తాతయ్య, అమ్మమ్మ చెప్పే ఉంటారు. 1757లో బొబ్బిలి కోట మీదికి విజయనగరం రాజుతో కలిసి వచ్చింది ఈ బుస్సీయే. ఆ కోటలో వాళ్లు లొంగిపోకుండా చివరిదాకా పోరాడి చనిపోయారు. కాబట్టి ఫ్రెంచివాళ్లందరినీ మనవాళ్లు మంచివాళ్లుగా గుర్తుపెట్టుకున్నారని అనుకోకండి. బుస్సీ పేరు చెప్తే బొబ్బిలివాళ్లకి ఈనాటికీ బాధే.

బుస్సీ ఫ్రాన్స్ వెళ్లిపోయి, ముసలితనంలో 1783లో మళ్లీ ఇండియా వచ్చాడు. అప్పుడు రేమండ్‌ని తన దగ్గర సహాయకుడిగా పెట్టుకున్నాడు. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో చనిపోయాడు. రేమండ్‌కి మళ్లీ ఏ దారీ లేదు. వయసు ముప్పై. చేతిలో ఉన్నది సైన్యం నడిపే విద్య ఒక్కటే.

నిజాం కొలువులో

ఆ సమయంలో హైదరాబాద్‌ని నిజాం అలీ ఖాన్ పాలిస్తున్నాడు. ఆయన్ని రెండో అసఫ్ జా అని కూడా అంటారు. ఆయన రేమండ్‌ని పిలిచి కొలువులో పెట్టుకున్నాడు. మొదట్లో రేమండ్ కింద ఉన్నది సుమారు మూడువందల మంది. పదేళ్లు తిరిగేసరికి ఆ సంఖ్య పదివేలు దాటింది.

అంత పెద్ద సైన్యాన్ని ఆయన ఎలా తయారుచేశాడు?

మొదటిది కవాతు. అంతకుముందు చాలామంది సైనికులు ఎవరికి వాళ్లు గుంపుగా పోయి పోరాడేవాళ్లు. రేమండ్ వాళ్లని వరుసల్లో నిలబెట్టాడు. అందరూ ఒకేసారి అడుగు వేయాలి, ఒకేసారి తుపాకి పేల్చాలి. మీ స్కూల్లో స్పోర్ట్స్ డే కోసం మార్చ్ పాస్ట్ నేర్చుకుంటారు కదా, అలాగే, కానీ రోజూ.

రెండోది ఆయుధాలు. తుపాకులు, ఫిరంగులు బయటి నుంచి కొంటే ఎవరి మీదో ఆధారపడాలి. అందుకని హైదరాబాద్‌లోనే వాటిని చేసే కార్ఖానాలు పెట్టించాడు. 1786లో కట్టిన అలాంటి ఒక కార్ఖానాని జనం తోప్ కా సాంచా అనేవాళ్లు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. ఇంగ్లీషులో ఆ చోటికి గన్‌ఫౌండ్రీ అని పేరు. అబిడ్స్ దగ్గర ఆ పేట ఈనాటికీ అదే పేరుతో ఉంది. బస్సు కండక్టర్లు కూడా అలాగే పిలుస్తారు.

మూడోది సిపాయిలు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. రేమండ్ వాళ్లని బాగా చూసుకున్నాడని పేరు. ఈ మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి. కథ చివర్లో పనికొస్తుంది.

తెలుసుకుందాం: ఫిరంగి ఎలా పోస్తారు?

ఆ కాలంలో ఫిరంగిని ముక్కలు ముక్కలుగా చేసి అతికించేవాళ్లు కాదు. ఒకేసారి పోత పోసేవాళ్లు. ముందు మట్టితో పెద్ద అచ్చు చేస్తారు. రాగి, తగరం కలిపి కొలిమిలో కరిగిస్తారు. దీన్నే కంచు అంటాం. అది కరగాలంటే దాదాపు వెయ్యి డిగ్రీల వేడి కావాలి. కువైట్ ఎండాకాలంలో యాభై డిగ్రీలకే మనం బయట అడుగు పెట్టలేం! కరిగిన కంచుని అచ్చులో పోసి, చల్లారాక, మట్టిని పగలగొట్టి తీసేస్తారు. లోపలి గొట్టాన్ని నున్నగా చేస్తారు. అంత బరువైన ఫిరంగిని యుద్ధానికి ఎలా తీసుకెళ్తారు? ఎద్దులతో లాగించేవాళ్లు.

ఇంకో సంగతి. ఫిరంగి అనే మాట ఎక్కడిదో తెలుసా? పూర్వం అరబ్బులు, పారశీకులు యూరప్‌వాళ్లని ఫిరంగీ అని, ఇఫ్రంజీ అని పిలిచేవాళ్లు. ఫ్రాన్స్ అనే పేరు ఏ మాట నుంచి వచ్చిందో ఇది కూడా అక్కడి నుంచే వచ్చింది. తెల్లవాళ్లు తెచ్చిన ఆయుధం కాబట్టి మనం దానికి ఫిరంగి అనే పేరు పెట్టాం. మన పల్లెల్లో కొన్నిచోట్ల బొప్పాయిని పరంగికాయ అంటారు. అదీ ఈ మాటే. మీ ఇంట్లో ఏమంటారో అడగండి.

ఖర్దా యుద్ధం

1795 మార్చిలో నిజాంకీ మరాఠాలకీ ఖర్దా అనే చోట యుద్ధం జరిగింది. అది ఇప్పటి మహారాష్ట్రలో ఉంది. నిజాం ఇంగ్లీషువాళ్లని సాయం అడిగాడు. వాళ్లు రాలేదు. రేమండ్ పటాలాలు మాత్రం మరాఠాలకి ఎదురు నిలిచి గట్టిగా పోరాడాయి.

కానీ సాయంత్రానికి నిజాం భయపడ్డాడు. వెనక్కి వచ్చేయమని కబురు పెట్టాడు. అంతే, సైన్యం చెల్లాచెదురైంది. నిజాం తన పరివారంతో ఖర్దాలో ఉన్న చిన్న కోటలోకి వెళ్లి తలుపులు వేసుకున్నాడు. మరాఠాలు చుట్టుముట్టారు. చివరికి చాలా డబ్బు, కొంత రాజ్యం ఇస్తానని ఒప్పుకుని బయటపడ్డాడు.

యుద్ధం ఓడిపోయారు. అయినా నిజాంకి ఒక విషయం అర్థమైంది. కష్టంలో ఇంగ్లీషువాళ్లు రాలేదు, రేమండ్ నిలబడ్డాడు. అప్పటి నుంచి ఆయనకి ఇంకా ఎక్కువ సైన్యం, దాని ఖర్చుకి భూములు ఇచ్చాడు. అదే ఏడాది నిజాం కొడుకు అలీ జా తండ్రి మీదే తిరగబడ్డాడు. ఆ తిరుగుబాటుని అణచడానికి కూడా నిజాం రేమండ్‌నే పంపాడు. ఆయన వెళ్లి, అలీ జాని పట్టుకున్నాడు.

రేమండ్‌కి పెద్ద పెద్ద బిరుదులు వచ్చాయి. నవాబుల్లాగా బతికాడు. కానీ ఫ్రాన్స్‌ని మరచిపోలేదు. 1789లో ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చి, తర్వాత రాజుని దించేశారు. ఆ విప్లవం తెచ్చిన మూడు రంగుల జెండాని హైదరాబాద్‌లో రేమండ్ సైన్యం ఎగరేసేది. ఇది చూసి ఇంగ్లీషువాళ్లకి నిద్ర పట్టేది కాదు. నిజాం రాజధానిలో ఫ్రెంచి జెండా కింద అంత సైన్యం ఉందంటే వాళ్లకి ప్రమాదమే కదా!

ఒక్క తూటా పేలలేదు

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. అప్పటికి ఆయనకి నలభై రెండేళ్లే. ఊళ్లో రకరకాల పుకార్లు పుట్టాయి. హైదరాబాద్‌కి తూర్పున ఒక గుట్ట మీద ఆయన్ని సమాధి చేశారు.

ఆయన తర్వాత పిరోన్ అనే ఫ్రెంచి అధికారి సైన్యానికి పెద్ద అయ్యాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి సైన్యాన్ని తీసేయాలి, దాని బదులు ఇంగ్లీషు సైన్యాన్ని పెట్టుకోవాలి, దాని ఖర్చు నిజామే భరించాలి. ఇదీ ఒప్పందం.

అక్టోబరులో ఇంగ్లీషు పటాలాలు ఫ్రెంచి దండుని చుట్టుముట్టాయి. పెద్ద యుద్ధం జరుగుతుందని అందరూ భయపడ్డారు. కానీ జరగలేదు. ఎందుకో తెలుసా? సిపాయిలకి జీతాలు బాకీ ఉన్నాయి. వాళ్లు కోపంతో సొంత అధికారుల్నే పట్టి బంధించారు. జీతం బాకీ ఇప్పిస్తామని మాట ఇచ్చాక ఆయుధాలు కింద పెట్టేశారు. రేమండ్ పన్నెండేళ్లు కష్టపడి కట్టిన సైన్యం ఒక్క రోజులో, ఒక్క తూటా పేలకుండా లేకుండా పోయింది. ఫ్రెంచి అధికారుల్ని ఇంగ్లీషువాళ్లు పంపించేశారు.

ఇందాక మూడో విషయం గుర్తుపెట్టుకోమన్నాను కదా. సైన్యం అంటే ఫిరంగులు మాత్రమే కాదు. ఇంటికి జీతం పంపాల్సిన మనుషులు కూడా. కువైట్‌లో ఉండే మనకి ఈ మాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ముస్యూ రేమండ్ మూసారాం ఎలా అయ్యాడు?

సైన్యం పోయింది. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. హైదరాబాద్ ఇంగ్లీషువాళ్ల చెప్పుచేతల్లోకి వెళ్లింది. అలాంటప్పుడు ఓడిపోయినవాళ్ల పేరు ఎవరు తలుచుకుంటారు?

కానీ జనం తలుచుకున్నారు.

ఫ్రెంచి భాషలో మగవాళ్ల పేరు ముందు గౌరవంగా ముస్యూ అంటారు. మన గారు లాంటిది, కానీ ముందు వస్తుంది. రేమండ్ అనే పేరుని ఫ్రెంచివాళ్లు చివరి డ పలకకుండా, ముక్కుతో రేమోఁ అంటారు. ముస్యూ రేమోఁ అని గబగబా పదిసార్లు అనండి. ఏం వినిపిస్తోంది?

హిందువులకి అది మూసారాం అని వినిపించింది. అందులో వాళ్ల రాముడు ఉన్నాడు. ముస్లింలకి మూసా రహీం అని వినిపించింది. మూసా వాళ్ల ప్రవక్త పేరు, రహీం అంటే దయగలవాడు. ఎవరికి వాళ్లు ఆ ఫ్రెంచి మనిషిని తమవాడిగా చేసుకున్నారు. నిజానికి ఆయన క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

చాలా ఏళ్లపాటు, ఆయన చనిపోయిన రోజు వచ్చిందంటే జనం గుట్ట ఎక్కి, సమాధి దగ్గర ధూపం వేసి దణ్ణం పెట్టుకునేవాళ్లు. పీరు దర్గా దగ్గర ఉరుసు చేసినట్టు చేసేవాళ్లు.

గుట్ట మీద నేను చూసింది

సమాధి మలక్‌పేట వైపు, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. పెద్ద అరుగు. దాని మీద నల్లరాతితో చేసిన ఒక స్తంభం. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఎత్తు సుమారు ఇరవై మూడు అడుగులు, అంటే రెండంతస్తుల ఇల్లంత. పక్కనే స్తంభాలతో ఒక మండపం ఉంది. 2001లో పెద్ద వానలకి ఆ మండపం కూలిపోయింది. తర్వాత ప్రభుత్వం వాళ్లు దాన్ని మళ్లీ కట్టారు.

ఒకప్పుడు అది ఊరి బయట ఒంటరి గుట్ట. ఇప్పుడు చుట్టూ ఇళ్లే. మేము వెళ్లిన రోజు అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. సమాధి ఎవరిదని మా నాన్నగారు ఒక బాబుని అడిగారు. మూసారాంది అన్నాడు. అతను ఎక్కడివాడని అడిగితే, ఇంకెక్కడివాడు, ఇక్కడివాడే అని బంతి కోసం పరిగెత్తాడు.

కువైట్‌కి వచ్చాక ఆ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. మా క్లాసులో ఒక పాప నన్ను ఒకసారి అడిగింది. తను ఫర్వానియాలో పుట్టింది. ఎప్పుడూ ఖైతాన్‌లోనే ఉంది. సివిల్ ఐడీలో మాత్రం దేశం ఇండియా అని ఉంది. ఇండియా వెళ్తే చుట్టాలు కువైట్ పాప వచ్చింది అంటారు. మరి నేను ఎక్కడిదాన్ని అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పాప కోసమే ఈ పాఠం రాశాను.

దేశం వదిలి వెళ్లినవాళ్ల కథలు అన్నీ ఒకేలా ఉండవు. మన వర్క్‌బుక్ చదివే పిల్లలు కెనడాలో కూడా ఉన్నారు. అక్కడ అల్బెర్టా రాష్ట్రంలో ట్రోషూ అనే ఊరుంది. ఆర్మాండ్ ట్రోషూ అనే ఫ్రెంచి ఆయన 1905లో తన దేశం నుంచి వచ్చిన మిత్రులతో కలిసి అక్కడ పశువులు పెంచే పెద్ద క్షేత్రం మొదలుపెట్టాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే వాళ్లలో చాలామంది ఫ్రాన్స్ కోసం పోరాడటానికి తిరిగి వెళ్లిపోయారు. మనుషులు వెళ్లారు, ఊరికి పేరు మిగిలింది. రేమండ్ మాత్రం తిరిగి వెళ్లలేదు. ఫ్రాన్స్ జెండా ఎగరేస్తూనే హైదరాబాద్ మట్టిలో కలిశాడు. ఆయన రెండు చోట్లకీ చెందినవాడు. అందులో ఒకటి తీసేస్తే మనిషి సగమే మిగులుతాడు.

ఆయన మహాత్ముడేమీ కాదు. జీతానికి యుద్ధం చేసిన సైనికుడు. కానీ తన చుట్టూ ఉన్నవాళ్లతో బాగా ఉన్నాడు. అందుకే వాళ్లు ఆయన పేరుని తమ నోట్లో దాచుకున్నారు.

కొత్త మాటలు

కొలువు: రాజు దగ్గర ఉద్యోగం
కవాతు: సైనికులు వరుసగా నడవడం నేర్చుకోవడం
పటాలం: సైన్యంలో ఒక పెద్ద దళం
పోత పోయడం: కరిగించిన లోహాన్ని అచ్చులో పోయడం
బాకీ: ఇవ్వాల్సి ఉండి ఇంకా ఇవ్వని డబ్బు
చెల్లాచెదురు: తలో దిక్కుకీ పోవడం
ఉరుసు: దర్గా దగ్గర ఏటా జరిగే పండుగ

జవాబులు చెప్పండి

1. రేమండ్ ఇండియాకి ఏ పని చేద్దామని వచ్చాడు? చివరికి ఏ పని చేశాడు?
2. తోప్ కా సాంచా అంటే ఏమిటి? ఆ చోటిని ఇప్పుడు ఏమంటారు?
3. ఖర్దాలో యుద్ధం ఓడిపోయినా నిజాంకి రేమండ్ మీద నమ్మకం ఎందుకు పెరిగింది?
4. 1798 అక్టోబరులో యుద్ధం ఎందుకు జరగలేదు?
5. బొబ్బిలివాళ్లు బుస్సీని ఒకలా, హైదరాబాద్‌వాళ్లు రేమండ్‌ని ఇంకోలా గుర్తుపెట్టుకున్నారు. ఎందుకని మీరు అనుకుంటున్నారు? మీ సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి.

ఇంట్లో చేయండి

మీ అమ్మానాన్నలని గానీ, వీడియో కాల్‌లో తాతయ్యని, నానమ్మని గానీ అడిగి, మీ సొంత ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసుకోండి. అలాగే మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి పేరు గురించి మీ స్నేహితులని గానీ, స్కూల్ టీచర్‌ని గానీ అడగండి. రెండు కథలూ ఒకే పేజీలో, పక్కపక్కనే రాయండి. పేజీ పైన మీ పేరు రాయడం మరచిపోకండి. మీకు ఎన్ని పేర్లు ఉంటే అన్నీ రాయొచ్చు.